ఆ సినిమాకు మనం ఎందుకు నవ్వాం? కోకా కోలా సీసా, నికావు కూలి



మొన్న సెలవుల్లో ఇళ్ళకు వెళ్ళకుండా హాస్టల్లో మిగిలిపోయిన పదిహేను మందిమి ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఓ పాత సినిమా చూశాం. పేరు 'ది గాడ్స్ మస్ట్ బి క్రేజీ'. ఆకాశంలోంచి కోకా కోలా సీసా పడే సినిమా అంటే చాలామందికి గుర్తొస్తుంది. సినిమా అయ్యేసరికి గదిలో రెండు జట్లు తయారయ్యాయి. ఇంత నవ్వు ఈమధ్య ఏ సినిమాలోనూ నవ్వలేదని కొందరు. అంతసేపూ నవ్వకుండా కూర్చున్న ఒక అక్క మాత్రం, "సినిమాల్లో మనోళ్ళకి ఈకలు కట్టి జింగాలాల అనిపిస్తే కోపం వస్తుంది కదా, మరి వీళ్ళని చూసి ఎలా నవ్వారు?" అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకే ఆ సినిమా చరిత్ర వెతికి ఇది రాస్తున్నాం.

ముందు కథ. కలహారి ఎడారిలో బతికే షి అనే మనిషి కుటుంబానికి విమానంలోంచి పడ్డ ఖాళీ సీసా దొరుకుతుంది. దుంపలు దంచుకుంటారు, పాము తోలు సాపు చేస్తారు, నోటితో ఊది పాట కడతారు. సీసా ఒక్కటే, కావలసినవాళ్ళు చాలామంది. కొట్లాటలు మొదలవుతాయి. దాన్ని లోకం చివర పారేసి వస్తానని షి బయలుదేరతాడు. దారిలో ఏనుగు పేడ మీద పరిశోధన చేసే ఒక తెల్ల శాస్త్రవేత్త, బ్రేకులు లేని జీపు, బడిపిల్లల్ని ఎత్తుకుపోయే తుపాకీ దళం. పడటాలు, జారటాలు, బట్టలు ఊడటాలు. ఫిల్మును వేగంగా తిప్పడంతో మనుషులు బొమ్మల్లా పరిగెడతారు. జీపు చెట్టుకు వేలాడే చోట మేమూ పొట్ట పట్టుకుని నవ్వాం, అబద్ధం ఎందుకు చెప్పాలి.

దీన్ని తీసింది దక్షిణాఫ్రికా దర్శకుడు జేమీ ఉయిస్, 1980లో. తోలు రంగును బట్టి మనుషుల్ని విడదీసిన అపార్థైడ్ పాలన రోజులవి. ఆ దేశాన్ని ప్రపంచం బహిష్కరిస్తున్న కాలం. అందుకే సినిమాను బోట్స్వానా చిత్రంగా బయటికి పంపారు. జపాన్‌లో, ఫ్రాన్స్‌లో జనం విరగబడి చూశారు. అమెరికాలో 1984లో విడుదలైతే అప్పటికి అక్కడ అత్యధిక వసూళ్ళు తెచ్చిన విదేశీ చిత్రం అన్నారు. పేరున్న విమర్శకుడు రోజర్ ఈబర్ట్ కూడా మెచ్చుకున్నాడు. అదే సమయంలో న్యూయార్క్‌లో ఆడుతున్న థియేటర్ దగ్గర అపార్థైడ్ వ్యతిరేకులు నిరసన చేశారు. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఏ గొడవా లేకుండా కలిసి బతుకుతున్నట్టు చూపించి, విలన్లుగా మాత్రం నల్ల గెరిల్లాలను, అదీ తెలివితక్కువవాళ్ళుగా పెట్టడం ఊరికే జరిగిందా అని వాళ్ళ ప్రశ్న. అప్పట్లో నమీబియా స్వాతంత్ర్యం కోసం స్వాపో గెరిల్లాలు దక్షిణాఫ్రికా సైన్యంతో పోరాడుతున్నారు మరి.

మాకు అంతకంటే ముఖ్యం అనిపించింది షి వేషం వేసిన మనిషి. ఆయన నమీబియాలోని చూమ్‌క్వే ప్రాంతపు జూట్వాన్సీ తెగవాడు. బయటివాళ్ళు బుష్‌మన్ అని పిలిచే సాన్ ప్రజల్లో అదొక తెగ. ఆయన పేరులో నాలుకతో కొట్టే ఒక టక్కు శబ్దం ఉంటుంది. సవర మాటల్లో గొంతు దగ్గర ఆగిపోయే శబ్దానికి తెలుగులో అక్షరం లేక మనం తిప్పలు పడ్డట్టే దీనికీ అక్షరం లేదు. జపాన్‌వాళ్ళు పలికినట్టు నికావు అని రాసుకుందాం.

సినిమా మొదట్లో డాక్యుమెంటరీ లాంటి గొంతు ఒకటి వినిపిస్తుంది. వీళ్ళకు నేరాలు, చట్టాలు, పెద్దలు ఏమీ లేవు, నాదీ నీదీ అనే మాటే తెలియదు, లోకంలో వీళ్ళంత సంతోషంగా ఎవరూ ఉండరని చెబుతుంది. ఆ కెమెరా తిరుగుతున్న రోజుల్లోనే చూమ్‌క్వేలో ఏం జరుగుతోందో చూడండి. 1970లో బుష్‌మన్‌లాండ్ అని గీత గీసి, జూట్వాన్సీల పాత భూమిలో ఎక్కువ భాగం వాళ్ళకు కాకుండా చేశారు. వేటకు చోటు చాలక జనం చూమ్‌క్వే చుట్టూ చేరారు. రేషన్ పిండి, సారా, క్షయ. పైగా దక్షిణాఫ్రికా సైన్యం వాళ్ళ కుర్రాళ్ళను జీతాలిచ్చి తీసుకుపోయి స్వాపో మీద యుద్ధంలో పెట్టింది. 'నాదీ నీదీ' తెలియనివాళ్ళని సినిమా చెప్పినవాళ్ళ మధ్య డబ్బు తెచ్చిన తగాదాలు రోజూ జరిగేవి.

ఇది మేం ఊహించి చెప్పే మాట కాదు. 1950ల నుంచి వాళ్ళను చిత్రీకరించిన జాన్ మార్షల్ అనే అమెరికన్‌ను ప్రభుత్వం 1958 నుంచి ఇరవై ఏళ్ళు అక్కడికి రానివ్వలేదు. తిరిగొచ్చాక ఆయన తీసిన డాక్యుమెంటరీ కూడా 1980లోనే వచ్చింది. 'నై' అనే ఆవిడ జీవితకథ అది. అందులో ఈ సినిమా షూటింగే కనిపిస్తుంది. దర్శకుడు చెప్పినట్టు మళ్ళీ మళ్ళీ చేయిస్తుంటారు. కెమెరాల ముందు నిలబడి డబ్బు తెచ్చుకున్నందుకు నైతో బంధువులే గొడవపడతారు. రెండు సినిమాలూ ఒకే ఊళ్ళో, ఒకే మనుషులతో. ఒకటి ప్రపంచమంతా చూసింది. రెండోది చూసింది ఎక్కువగా మానవశాస్త్రం చదివేవాళ్ళే.

ఆ కామెడీ అబద్ధం ఎంత పని చేసిందో తర్వాత తెలిసింది. 1980లలో అక్కడ నేచర్ రిజర్వు పెట్టాలని అధికారులు ప్లాను వేశారు. జనం విల్లంబులతో వేటాడుకుంటూ ఉండొచ్చు, పర్యాటకులు వచ్చి చూస్తారు, పశువులూ సేద్యమూ మాత్రం వద్దు. జూట్వాన్సీలు బోర్లు వేయించుకుని, ఆవులు పెంచి, పాత ఊళ్ళకు తిరిగి వెళ్తూ దాన్ని ఎదిరించి ఆపారు. "అడవి బిడ్డలు, వాళ్ళకేం కావాలి?" అనే మాట పులుల అభయారణ్యంలో ఉన్న మన నల్లమల చెంచులకూ కొత్త కాదు.

కూలి సంగతికి వద్దాం. సినిమా చివర్లో శాస్త్రవేత్త ఇచ్చిన నోట్లను షి అక్కడే వదిలేసి పోతాడు. హాల్లో అందరూ నవ్వే చోటు. నికావు మొదటి జీతం కూడా గాలికి ఎగిరిపోయిందని, ఆయనకు డబ్బు విలువే తెలియదని ఉయిస్ చెప్పుకున్నాడు. కోట్లు తెచ్చిన సినిమాకు ఆయనకు ముట్టింది కొన్ని వందల డాలర్లేనని పత్రికలు రాశాయి. అదే నికావు 1989లో వచ్చిన రెండో భాగానికి గట్టిగా బేరమాడాడట. ఇటుకల ఇల్లు, కరెంటు, నీళ్ళ పంపు కావాలన్నాడట. తర్వాత హాంకాంగ్‌వాళ్ళు పిలిస్తే అక్కడి సినిమాలూ చేశాడు. 1991 నాటి 'క్రేజీ సఫారీ'లో ఆయనకు బ్రూస్ లీ ఆత్మ పూనుతుంది. దానిముందు మొదటిది చాలా పెద్దమనిషి సినిమా. డబ్బు తెలియనివాడు అన్న మనిషి చివరికి ఊరికి తిరిగొచ్చి మొక్కజొన్న, గుమ్మడి, చిక్కుడు వేసి ఆవుల్ని పెంచాడు. 2003 జూలైలో చూమ్‌క్వే దగ్గరే చనిపోయాడు. వయసు ఆయనకే సరిగా తెలియదు, అరవైకి దగ్గర అంటారు.

ఇదంతా చదివి ఆ అక్కతో కలిసి సినిమా మళ్ళీ పెట్టాం. జీపు చెట్టెక్కిన చోట ఈసారి అక్క కూడా నవ్వింది. నోట్లు వదిలేసే చోట మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. పక్కన ఒక తమ్ముడు వాళ్ళ తాత కథ చెప్పాడు. ఊరి దగ్గర షూటింగ్ జరిగితే ఈకలు కట్టుకుని మూడు రోజులు గెంతాడట. కూలి ఇచ్చారో లేదో తాత ఎప్పుడూ చెప్పలేదట.

మీ ఊళ్ళల్లో కూడా ఇలా వేషం వేసిన పెద్దలు ఉంటే, ఏం చేయించారు, ఏం తిండి పెట్టారు, ఎంత ఇచ్చారు, తర్వాత తెర మీద తమను తాము చూసుకున్నారా అన్నవి అడిగి రాసి పంపండి. పెద్దలు ఉండగానే అడగండి.