ఓడలు ఆగిన చోట మడ అడవి

విజయవాడ నుంచి డెబ్బై కిలోమీటర్లు వెళ్తే బందరు (మచిలీపట్నం), అక్కడినుంచి మరికాస్త దూరంలో మంగినపూడి తీరం. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానాలకు వచ్చే జనం అక్కడ రెండు సంగతులు గమనిస్తారు: కాలికి అంటుకునే నల్లని ఒండ్రు, ఎంత లోపలికి వెళ్లినా అంతగా పెరగని లోతు. బందరు రేవు కథంతా ఆ ఒండ్రులోనే ఉందని నేననుకుంటాను. ఓడలను ఒడ్డుకు రానివ్వనిదీ, ఇవాళ ఆ తీరాన్ని చూడదగ్గదిగా చేసిందీ కృష్ణమ్మ మోసుకొచ్చిన ఆ మట్టే.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. తీరం మొదటినుంచీ లోతు లేనిదే అయితే ఇంత పెద్ద రేవు ఎలా వెలిసింది? ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడి గ్రంథంలో ఈ తీరమే ‘మసలియా’, సన్నబట్టలకు ప్రసిద్ధి. గోల్కొండ సుల్తానుల కాలంలో మక్కాకు వెళ్లేవాళ్లు ఇక్కడే ఓడెక్కేవారు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, తరవాత ఫ్రెంచివాళ్లు వచ్చి కలంకారీ బట్టల బేరానికి కూర్చున్నారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫరాసుపేట అన్న పేర్లు ఊళ్లో ఇంకా వాడుకలో ఉన్నాయి. జవాబు తెరచాపలోనే ఉంది. ఆనాటి ఓడ దూరాన లంగరు వేసి, గాలి అనుకూలించేదాకా ఓపికపట్టేది. సరుకును చిన్న పడవలు చేరవేసేవి. ఆవిరి ఓడలకు అంత తీరిక లేదు, అవి లోతైన రేవులనే ఎక్కువగా కోరుకున్నాయి. గోల్కొండ పతనం, మద్రాసు ఎదుగుదల, సుమారు 30 వేలమందిని బలిగొన్న 1864 నవంబరు ఉప్పెన, ఇవన్నీ బందరును దెబ్బతీసిన మాట నిజమే. అయితే దెబ్బతిన్న రేవు మళ్లీ లేవాలంటే లోతు కావాలి. అలాంటి లోతైన హార్బరు 1933లో విశాఖలో తెరుచుకుంది.

ఓడలకు అడ్డుపడిన ఆ మేటలమీదే మడచెట్లు వేళ్లూనాయి. పులిగడ్డ దిగువన పాయలుగా చీలిన కృష్ణ హంసలదీవి పరిసరాల్లో సముద్రంలో కలిసే మేరంతా ఆ అడవి పరచుకుంది. బావురుపిల్లులకూ, తీరానికొచ్చి గుడ్లుపెట్టే తాబేళ్లకూ ఆ ప్రాంతమే ఆశ్రయం. రేవు పోయినందువల్ల జీవనం కోల్పోయినవాళ్ల ముందు ఈ అందాన్ని పొగడటం న్యాయమా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ నష్టాన్ని ఏ విహారమూ పూడ్చలేదు. కానీ 1977 నవంబరు 19న ఆ పాయల నడుమనున్న దివిసీమను ముంచిన ఉప్పెన తరవాత మడ అడవిని ఉత్త వేడుకగా చూడటం కుదరదు. అలల ఉరవడిని కొంతైనా తగ్గించగలిగేది అదే. పైగా ఎగువన ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తున్నకొద్దీ ఈ తీరం కోసుకుపోతోంది. బందరులో కొత్త రేవు పనులు 2023లో మొదలయ్యాయి. రేవు రావాల్సిందే, మడ అడవీ నిలవాల్సిందే. మంగినపూడికి వెళ్లేవాళ్లు స్నానంతో సరిపెట్టకుండా బందరులోని డచ్చివాళ్ల సమాధులూ చూడండి, హంసలదీవిదాకా వెళ్లండి, మడచెట్టు కొమ్మ విరవకండి.