నర్సింగ్ విద్యార్థి ఏ పేజీ వదలవచ్చు? ఏది వదలరాదు?

బీఎస్సీ నర్సింగ్ విద్యార్థులకు చెప్పే పుస్తకాల్లో మెడికల్ సర్జికల్ నర్సింగుకు వాడే బ్రన్నర్ అండ్ సద్దార్త్ ఒక్కటే రెండు వేల పేజీలు దాటుతుంది. దానికి తోడు కమ్యూనిటీ హెల్త్‌కు పార్క్, ప్రసూతి శాస్త్రానికి దత్తా. భారతీయ నర్సింగ్ మండలి 2021లో ప్రకటించిన నిబంధనల ప్రకారం ఇది ఎనిమిది సెమిస్టర్ల కోర్సు. థియరీకి 80 శాతం హాజరుండాలి, డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్స్‌కు నూటికి నూరు శాతం ఉండాలి. వార్డు డ్యూటీ, క్లాసులు ముగిశాక కేర్ ప్లాన్లు రాయాలి. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన అమ్మాయికి ఇంగ్లీషు పేజీ మరింత నెమ్మదిగా సాగుతుంది. చెప్పిందంతా చదవడం ఆమెకు సాధ్యం కాదు. ఈ సంగతి ముందుగా ఒప్పుకోవలసినవాళ్లు అధ్యాపకులే.

కొంత వదలక తప్పనప్పుడు, ఏది వదలాలో ఎవరు తేలుస్తున్నారన్నది అసలు ప్రశ్న. ఇప్పుడు ఆ పని పాత ప్రశ్నపత్రాలు చేస్తున్నాయి. తరచుగా అడిగే అధ్యాయం నోటికి వస్తుంది, అడగనిది తెరవకుండానే సెమిస్టరు ముగుస్తుంది. ఈ కొలబద్ద తప్పని నా వాదన. రోగి పక్కన నిలబడినప్పుడు పుస్తకం తెరిచే వ్యవధి ఉంటుందా ఉండదా అన్నదే సరైన కొలబద్ద.

మెగ్నీషియం సల్ఫేట్ సంగతి చూద్దాం. ఎక్లాంప్సియా, అంటే మన పెద్దవాళ్లు గుర్రపు వాతమనే జబ్బుతో ఫిట్స్ వస్తున్న గర్భిణికి ఇచ్చే ప్రాణరక్షక మందు ఇది. 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీలతో జరిపి 2002లో ప్రకటించిన ‘మాగ్‌పై’ అనే పరిశోధన, దాని ముందు దశ అయిన ప్రీ ఎక్లాంప్సియా ఉన్నవారిలో ఫిట్స్ ముప్పును ఇది సగానికి తగ్గిస్తుందని తేల్చింది. ప్రిచర్డ్ పద్ధతిలో మొదట 4 గ్రాములు నరంలోకి నెమ్మదిగా ఇచ్చి, వెంటనే ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున లోతుగా కండకు ఇస్తారు. మన దగ్గర దొరికే 50 శాతం ఆంప్యూల్ 2 మిల్లీలీటర్లు, అంటే 1 గ్రాము. నరానికి ఇచ్చేదాన్ని పలచన చేయాలి. నాలుగు గంటలకొకసారి తర్వాతి డోసు ఇచ్చే ముందు మోకాలి రిఫ్లెక్స్ ఉందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గకుండా ఉందా, మూత్రం గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు వస్తోందా అని చూడాలి. ఈ మూడూ గైడులో ఒక వరుసలో ఉంటాయి, విద్యార్థి వాటిని అప్పజెప్పగలదు. ఎందుకు చూడాలో చెప్పేది మాత్రం పాఠ్యపుస్తకమే. ఈ మందు మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి మూత్రం తగ్గితే రక్తంలో పేరుకుంటుంది. పేరుకున్నప్పుడు ముందు రిఫ్లెక్స్ పోతుంది, తర్వాత శ్వాస మందగిస్తుంది, ఆపైన గుండె ఆగిపోతుంది. ఈ క్రమం తెలిసిన నర్సు మోకాలు కదలనప్పుడే డోసు ఆపి డాక్టరును పిలుస్తుంది, కాల్షియం గ్లూకోనేట్ సిద్ధం చేసుకుంటుంది. తెలియని నర్సు చార్టులో టిక్కు పెట్టి సూది వేసే ప్రమాదముంది. కాన్పుల గదిలో అర్ధరాత్రి ఈ పేజీ వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు.

రక్తం ఎక్కించేటప్పుడు వచ్చే రియాక్షన్, అనాఫిలాక్సిస్, పొటాషియం క్లోరైడ్‌ను పలచన చేయకుండా నరంలోకి ఇవ్వకూడదన్న నియమం కూడా ఈ కోవకే చెందుతాయి. వీటిని అక్షరం వదలకుండా చదవాలి. అరుదైన జబ్బుల వర్గీకరణలు, ఎప్పుడో గాని వాడని మందుల మోతాదులు అలాంటివి కావు. అవి ఏ పుస్తకంలో ఎక్కడున్నాయో తెలిస్తే చాలు. నిజానికి అలాంటి మోతాదును జ్ఞాపకం మీద ఆధారపడి ఇవ్వడమే ప్రమాదం.

వార్డులో చూసిన రోగి గురించి ఆ రాత్రి చదివితే చాలదా అని కొందరు అధ్యాపకులు అంటారు. అలా చదివింది బాగా నిలుస్తుందన్న మాట నిజమే. అయితే పోస్టింగ్ జరిగిన ఆ కొద్ది వారాల్లో ఎక్లాంప్సియా కేసు రాకపోతే? విద్యార్థి కంటబడని రోగి ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ఎదురుకావచ్చు. అందుకే ఏది తప్పక చదవాలో వార్డులో చేరే రోగులను బట్టి నిర్ణయించలేం.

చదివే తీరు గురించీ ఒక మాట చెప్పాలి. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ ప్రకటించిన ప్రయోగాల్లో, ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మళ్లీ మళ్లీ చదివినవారు ముందున్నారు. వారం తర్వాత చూస్తే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవారే ఎక్కువ నిలుపుకున్నారు. రంగు పెన్నుతో గీతలు గీయడం, చదివిందే తిరిగి చదవడం తక్కువ ఫలితమిచ్చే పద్ధతులని డన్‌లాస్కీ బృందం 2013 సమీక్షలో పేర్కొంది. మన హాస్టళ్లలో ఎక్కువగా కనిపించేవి ఆ రెండే. నూరు పేజీలకు గీతలు గీసిన విద్యార్థి కన్నా, పది పేజీలు చదివి, పుస్తకం మూసి, వాటిని తెల్లకాగితం మీద తన మాటల్లో, తెలుగులోనైనా సరే, రాసుకున్న విద్యార్థి మీదే నాకు నమ్మకం.

కాబట్టి ప్రతి విభాగం అధ్యాపకులు సెమిస్టరు మొదట్లోనే, పుస్తకం తెరిచే వ్యవధి లేని సందర్భాలను ఒక జాబితాగా రాసి, వాటి పేజీ సంఖ్యలతో సహా విద్యార్థులకు ఇవ్వాలి. వైవాలో ప్రశ్నలు మొదట అక్కడి నుంచే అడగాలి. మిగతా పేజీలకు ‘అవసరమైనప్పుడు చూడండి’ అని బాహాటంగా చెప్పాలి.