వెల్లకిలా పడితే చచ్చినట్టు కాదు.. కుబుసం విడిచే పిల్ల టరాంటులాకు కదిలించకపోవడమే రక్ష

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: నేతగాడిని సాలె అని, గూడు అల్లే పురుగును సాలెపురుగు అని పిలుచుకున్న నేల మనది. మరమగ్గాల సిరిసిల్లలోనైనా, పసుపు పండే కోరుట్లలోనైనా, మామిడి తోటల జగిత్యాలలోనైనా ఇంటి మూలలో సాలెగూడు కనిపిస్తే చీపురుతో దులిపేయడమే వాడుక. సాలీళ్లలోనే అరచేయంత పెరిగే టరాంటులాలను పెట్టెల్లో పెంచుకునే అభిరుచి అనేక దేశాల్లో ఉంది. ఈ పెంపకంలో కొత్తవారు తరచుగా పొరపాటు పడేది పిల్ల సాలీడు కుబుసం విడిచే వేళలోనే. కాళ్లు పైకెత్తి వెల్లకిలా పడుకున్న ప్రాణిని చచ్చిపోయిందనుకుని బయట పారేసేవారు కొందరు. సాయం చేద్దామని తిరగవేసి దాని ప్రాణం మీదకు తెచ్చేవారు మరికొందరు.

తెలుగు నేలపై నీలి సాలీడు

టరాంటులా అనగానే విదేశీ జీవి అనుకుంటాం. లోకంలో పేరుపొందిన టరాంటులాల్లో ఒకటి తెలుగువారి ఊరి పేరుతోనే చలామణి అవుతోంది. అనంతపురం జిల్లా గుత్తిలో దొరికిన ఒకే ఒక నమూనా ఆధారంగా ఆంగ్ల శాస్త్రవేత్త పోకాక్ 1899లో దీనిని వర్ణించి, పోయెసిలోథీరియా మెటాలికా అని నామకరణం చేశారు. ఆ తరువాత నూరేళ్లకు పైగా దీని జాడ తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. చెట్ల తొర్రల్లో నివసించే ఈ సాలీడు నూరు చదరపు కిలోమీటర్ల లోపు అడవికే పరిమితం. అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని 2008లో చేర్చింది. పిల్ల దశలో మసక రంగులో ఉండి, కుబుసం విడిచినకొద్దీ ఇంద్రనీలంలా మెరవడం దీని ప్రత్యేకత. ఆ మెరుపే విదేశీ పెంపకందార్లను ఆకర్షించి, దానికి శాపమైంది.

కుబుసం ఎందుకు?

సాలీడుకు ఎముకలు శరీరం లోపల ఉండవు. పైనున్న గట్టి తొడుగే దానికి అస్థిపంజరం. ఆ తొడుగు సాగదు కనుక, ఎదగాలంటే దానిని విడిచి కొత్తది తొడగాలి. పాత తొడుగు కింద కొత్త చర్మం ముడతలుగా సిద్ధమైన తరువాత సాలీడు తన రక్తరసాన్ని శరీరం ముందు భాగంలోకి నెట్టుతుంది. ఆ ఒత్తిడికి వీపు మీది పెంకు మూతలా లేస్తుంది. ఎనిమిది కాళ్లు, కోరలతో పాటు జీర్ణనాళపు ముందు భాగపు లోపలి పొర కూడా పాత తొడుగుతో ఊడి వస్తుంది. ఇదంతా రక్తరసపు ఒత్తిడితో జరిగే పని కనుక ఒంట్లో నీరు తగ్గిన సాలీడు మధ్యలో చిక్కుకుని మరణించే ప్రమాదం ఉంది.

పట్టుపురుగులు పెంచే రైతులకు ఈ దశ కొత్త కాదు. వారు దీనిని ‘జ్వరం’ అంటారు. పట్టుపురుగుకు నాలుగు జ్వరాలు. ఆ సమయంలో ఆకు వేయడం ఆపి, పడకను పొడిగా ఉంచి, పురుగులను కదిలించరు. టరాంటులాకూ మేత మానాలి, కదిలించకూడదు. తేడా ఒక్కటే, దీనికి కొంత తేమ కావాలి.

ముందుగా కనిపించే సూచనలు

పిల్ల టరాంటులా కొన్ని వారాలకు ఒకసారి, పెరిగినకొద్దీ కొన్ని నెలలకు ఒకసారి కుబుసం విడుస్తుంది. పూర్తిగా ఎదిగిన ఆడ సాలీడుకు ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. సమయం దగ్గర పడినప్పుడు మేత ముట్టదు. పొట్ట ఉబ్బి నిగనిగలాడుతుంది, రంగు ముదురుతుంది. ఒంటి రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. కదలిక మందగిస్తుంది. కొన్ని తమ బొరియ ద్వారాన్ని మట్టితో, దారంతో మూసుకుంటాయి. చివరగా దారంతో చాపలాంటి పరుపు అల్లుకుని దానిపై వెల్లకిలా పడుకుంటాయి.

ఎదురుచూసే రోజుల్లో ఏం చేయాలి?

మేత మానిన వెంటనే పెట్టెలోని ఇలకోళ్లను, బొద్దింకలను తీసివేయాలి. మెత్తబడి కదలలేని సాలీడును చిన్న ఇలకోడి సైతం కొరికి చంపగలదు. సీసా మూతంత పాత్రలో మంచినీరు ఎప్పుడూ ఉండాలి. మరీ చిన్న పిల్లలకు పెట్టెలోని కొబ్బరి పొట్టు ఒక మూల తడిగా ఉంటే చాలు. అంతా బురద చేస్తే బూజు పడుతుంది. పెట్టెకు గాలి రంధ్రాలు తప్పనిసరి. మూసిన బొరియను తవ్వి చూడరాదు.

ఆ కొన్ని గంటలు

చిన్న పిల్లలు పావుగంట నుంచి గంట లోపు కుబుసం విడుస్తాయి. పెద్దవాటికి అనేక గంటలు పడుతుంది. ఆ సమయంలో తాకరాదు, తిప్పరాదు, నీళ్లు చల్లరాదు, పెట్టెను జరపరాదు. బతికున్నదో లేదో అని పుల్లతో పొడిచి చూడటం కూడా హానికరమే. చనిపోయిన సాలీడు సాధారణంగా బోర్లా ఉండి, కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుపోయి కనిపిస్తుంది. వెల్లకిలా, కాళ్లు చాచి ఉన్నది కుబుసం పనిలో ఉన్నట్టే భావించాలి.

బయటపడిన తరువాత దాని కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. అవి ఎర్రబడి, క్రమంగా నల్లబడే వరకు మేత వేయరాదు. పిల్లలకు ఇది సుమారు వారం, పెద్దవాటికి రెండు వారాలు లేదా అంతకు మించి పడుతుంది. ఈలోగా నీరే ఆధారం. కాలు ఒకటి పోయినా దిగులు పడనక్కరలేదు. తరువాతి కుబుసాల్లో అది మళ్లీ మొలుస్తుంది.

ఎండ, చీమలు, దోమల మందు

మన ప్రాంతంలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి. రేకుల ఇంట్లో, కిటికీ ఎండలో ఉంచిన చిన్న పెట్టె కొద్దిసేపటికే కొలిమి అవుతుంది. కూలరు గాలి నేరుగా తగిలినా తేమ ఆరిపోతుంది. చీమలు మరో ముప్పు. బెల్లం డబ్బాను నీళ్ల పళ్లెంలో ఉంచినట్టే ఈ పెట్టెనూ ఉంచితే చీమలు చేరవు. దోమల కోసం చల్లే మందులు సాలీళ్లకూ విషమే. పత్తి, వరి చేలల్లో పట్టి తెచ్చిన పురుగులను మేతగా వేస్తే వాటిపై ఉన్న మందు సాలీడు పొట్టలోకి చేరుతుంది.

అడవి నుంచి తేవద్దు

గుత్తి సాలీడుతో సహా పోయెసిలోథీరియా జాతులన్నీ 2019 నుంచి అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ ఒప్పందంలోని జీవులకు ప్రత్యేక షెడ్యూలు చేర్చింది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అటువంటి జీవులు తమ వద్ద ఉన్నవారు నమోదు చేయించుకోవాలి. ఏ టరాంటులానైనా కొనే ముందు అటవీ శాఖ కార్యాలయంలో విచారించడం మేలు. చెట్టు తొర్రలోనో, తోటలోనో కనిపించిన దానిని పట్టడం, చంపడం రెండూ తగవు.

పోయెసిలోథీరియా కాటుకు తీవ్రమైన నొప్పి, కండరాలు పట్టివేయడం ఉంటాయి. పాముకాటు మందు దీనికి పనిచేయదు. మంత్రాలతో, పసర్లతో కాలయాపన చేయక ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లలున్న ఇంట్లో పెట్టె మూత బిగుతుగా ఉండాలి.

కుబుసం విడిచే సాలీడుకు మనిషి చేయగల సాయం స్వల్పం. గిన్నెలో నీళ్లు, చుట్టూ నిశ్శబ్దం ఉంటే చాలు. మిగిలిన పని అదే చేసుకుంటుంది.