నెట్‌వర్క్ మానిటరింగ్‌కు ఎంత డేటా ఖర్చవుతుంది? పింగ్‌కు చిల్లరే.. స్పీడ్ టెస్ట్‌కు రోజు ప్యాక్ మొత్తం!

పాకాల (తిరుపతి జిల్లా): పాకాల బజారులో ఒక చిన్న షాపు అనుకుందాం. ఒకే సిమ్ వేసిన వైఫై డబ్బా. రోజుకు 1.5 జీబీ. దాని మీదే ఫోన్‌పే, సీసీ కెమెరా, ఖాళీ దొరికితే నాలుగు వీడియోలు. నెట్ వస్తోందా లేదా చూసుకోవడానికి ఒక మానిటరింగ్ యాప్ కూడా పెట్టారు. సాయంత్రానికే డేటా ఖతం! ఇంతకీ తప్పు ఆ యాప్‌దేనా? లెక్క చూద్దాం.

పింగ్ ఎంత తింటుంది?

లైన్ బతికే ఉందా అని అడిగే చిన్న పలకరింపే పింగ్. పోను రాను కలిపి సుమారు 168 బైట్లు. నిమిషానికోసారి పంపితే రోజుకు పావు ఎంబీ కూడా కాదు. సెకనుకోసారి పంపినా రోజుకు 14.5 ఎంబీనే.

ఆఫీసుల్లో పరిస్థితి ఏంటి?

కాలేజీలు, ఆఫీసుల్లో స్విచ్‌లను ఎస్ఎన్ఎంపీ పద్ధతిలో గమనిస్తారు. 24 పోర్టుల స్విచ్‌లో పోర్టుకు 10 వివరాలు, ఒక్కోదానికి 200 బైట్లు అనుకుంటే, 5 నిమిషాలకోసారి అడిగితే రోజుకు దాదాపు 14 ఎంబీ. అదే 10 సెకన్లకోసారి అడిగితే 415 ఎంబీ! ఏం అడుగుతున్నారన్నదే కాదు, ఎన్నిసార్లు అడుగుతున్నారన్నది కూడా ముఖ్యమే.

అసలు దొంగ ఇక్కడే

స్పీడ్ టెస్ట్ లైన్‌ను నిండా వాడితేనే వేగం ఎంతో చెప్పగలదు. 50 ఎంబీపీఎస్ వేగంతో 10 సెకన్లు నడిస్తే, డౌన్‌లోడ్‌కే 62.5 ఎంబీ. యాప్‌లో ‘గంటకోసారి ఆటోమేటిక్ టెస్ట్’ ఆన్‌లో ఉంటే 24 గంటలకు సరిగ్గా 1.5 జీబీ. అంటే రోజు ప్యాక్ మొత్తం దానికే! అప్‌లోడ్ టెస్ట్ లెక్క దీనికి అదనం. 5జీలో వేగం పెరిగే కొద్దీ ఈ ఖర్చూ పెరుగుతుంది.

పాకాల జంక్షన్‌లో వచ్చీపోయే బండ్లను లెక్కపెడితే పట్టాలకు బరువేం కాదు. పట్టాలు ఎంత మోస్తాయో చూడ్డానికి గంటకో గూడ్స్ నడిపితేనే ఇబ్బంది. పింగ్‌కు, స్పీడ్ టెస్ట్‌కు తేడా ఇదే.

సీసీ కెమెరా సంగతేంటి?

షాపులోని డీవీఆర్‌లో రికార్డయితే నెట్ ఖర్చు కాదు. బయటి నుంచి ఫోన్‌లో లైవ్ చూస్తేనే ఖర్చు. 2 ఎంబీపీఎస్ కెమెరాను గంట చూస్తే 900 ఎంబీ పోతుంది.

ఏం చేయాలంటే..

► మానిటరింగ్ యాప్‌లో ఆటోమేటిక్ స్పీడ్ టెస్ట్ ఆపేయండి. అవసరమైనప్పుడు చేత్తో నొక్కితే చాలు.
► పింగ్ గ్యాప్ నిమిషానికి పెంచండి.
► ఏ యాప్ ఎంత వాడిందో ఫోన్ సెట్టింగ్స్‌లోని ‘డేటా యూసేజ్’లో చూడండి. ఆ లెక్క ఫోనే వేసుకుంటుంది, దానికి నెట్ ఖర్చు ఉండదు.
► మొబైల్ డేటా మీద ఉన్నప్పుడు కెమెరా లైవ్‌ను తక్కువ క్వాలిటీలో పెట్టుకోండి.

రోజు కోటా దాటితే చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అప్పుడు వీడియో ఆగిపోతుంది సరే, కౌంటర్ దగ్గర కస్టమర్ పేమెంట్ కూడా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ఆ సెట్టింగ్ ఒక్కసారి చూసుకోవడం మంచిది.