పూటకూటియింటి యజమానియు, పొగనిషేధమును



పొగాకు మన దేశమునకు పోర్చుగీసువారి యోడలతో వచ్చిన వస్తువు. అక్బరు పాదుషా కడపటి దినములకు అది ఆయన యాస్థానమును జేరెను. ఆయన కుమారుడు జహంగీరు 1617లో దానిని వాడరాదని యాజ్ఞాపించెను. అంతకు పూర్వము 1604లో ఇంగ్లండు రాజగు మొదటి జేమ్సు పొగాకును దూషించుచు స్వయముగా నొక చిన్న పుస్తకము వ్రాసి, దానిపై సుంకమును మిక్కిలిగా పెంచెను. రాజులిద్దరును పోయిరి, పొగాకు మాత్రము నిలిచినది. ఆజ్ఞ సింహాసనమునొద్ద పుట్టినదే కాని, పొగ త్రాగుచోట దానిని జరిపింపవలసినవాడు లేకపోయెనని నా తలంపు. నేటి శాసనము ఆ లోపమును పూరించిన విధమే యిప్పుడు చెప్పబోవు కథ.

ఒకడు త్రాగిన పొగ ప్రక్కవానికి హాని చేయునా యను ప్రశ్న చాలకాలము వాదములోనే యుండెను. 1981లో జపాను వైద్యుడు హిరయామా, తాము పొగ త్రాగని 91,540 మంది గృహిణులను పదునాలుగేండ్లు పరిశీలించి, భర్త పొగత్రాగువాడైనచో భార్యకు ఊపిరితిత్తుల పుట్టకురుపు ఎక్కువగా వచ్చుచున్నదని ప్రకటించెను. విచిత్రమేమన, సాక్ష్యము దొరికినది గృహములలో. శాసనము ప్రవేశించినది హోటళ్లలో. ఇంటి గడప దాటి లోనికి పోవుటకు ప్రభుత్వములు సాహసింపలేదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలలో చుట్టయొక్క నిప్పుకొన నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలను ఏ చట్టమును అడ్డగింపదు.

మన దేశమున మొదట కదలినవి న్యాయస్థానములు. 1999 జూలై 12వ తేదీన కేరళ హైకోర్టు, బహిరంగస్థలములందు పొగ త్రాగుట యితరుల జీవించు హక్కునకు భంగకరమని తీర్పు చెప్పెను. 2001 నవంబరు 2వ తేదీన, బొంబాయి రాజకీయ నాయకుడగు మురళీ దేవరా వేసిన వ్యాజ్యములో, సుప్రీంకోర్టు ఆస్పత్రులు, విద్యాలయములు, గ్రంథాలయములు, కచేరీలు, ప్రేక్షకశాలలు, రైళ్లు మున్నగువానియందు పొగను నిషేధించెను. ఆ పట్టికలో భోజనశాల లేదు. 2003లో పార్లమెంటు చేసిన చట్టము దానిని చేర్చినది. ఆ నిషేధము 2004 మే 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను.

అయినను మొదటి నాలుగేండ్లలో పెద్ద మార్పేమియు కానరాలేదు. 2008లో నియమములు క్రొత్తగా వ్రాయబడినవి. అప్పుడు సిగరెట్టు వ్యాపారులును హోటలు యజమానులును న్యాయస్థానముల కెక్కిరి. సుప్రీంకోర్టు సెప్టెంబరు 29వ తేదీన నిషేధమును నిలుపుటకు నిరాకరించెను. గాంధీజయంతినాడు నియమములు అమలైనవి.

ఈ నియమముల కీలకమంతయు యజమానిని కావలివానిగా చేయుటయందున్నది. అరువది సెంటీమీటర్ల పొడవు, ముప్పది సెంటీమీటర్ల వెడల్పుగల తెల్లని బోర్డు ద్వారమువద్ద నుండవలెను. మేడయైనచో ప్రతి అంతస్తునందును, మెట్లయొద్దను ఉండవలెను. ఇచట పొగ త్రాగుట నేరమని దానిపై వ్రాయవలెను. ఫిర్యాదు ఎవరితో చెప్పుకొనవలెనో ఆ మనుష్యుని పేరు ప్రకటింపవలెను. త్రాగినవానికి రెండువందల రూపాయలవరకు జరిమానా. ఫిర్యాదు విని యజమాని ఊరకున్నచో, ఎన్ని నేరములు జరిగెనో అన్నింటి జరిమానాయు వాని నెత్తిన పడును. బూడిద రాల్చు పళ్లెములు, అగ్గిపెట్టెలు, లైటర్లు సమకూర్చరాదు. జహంగీరునకు తోచని యుపాయ మిదియే.

నా చిన్ననాట మా యూరి టీయంగడి గుంజకు కొబ్బరిత్రాడొకటి వ్రేలాడుచు, దాని కొన నిరంతరము రగులుచుండెడిది. బీడీ కొన్నవాడు అచటనే ముట్టించుకొని, బల్లపై కూర్చుండి, టీ త్రాగువాని మొగముపై పొగ విడిచెడివాడు. ఎవరికిని అది తప్పుగా తోచెడిది కాదు. క్రొత్త నియమముచే ఆ త్రాడు నేరమైనది. అంగడివాని కష్టమును గూడ తలపవలెను. సిగరెట్టమ్మునది వాడే, "అయ్యా, ఇచట కాల్చవలదు, బయటకు దయచేయుడు" అనవలసినవాడును వాడే. చేతిలో ఖాతా పుస్తకమున్న పాతబేరముతో ఆ మాట యనుట సులభమా? అయినను చిన్న అంగడికి ఖర్చు లేదు. ఒక బోర్డును, ఒక మాటయు చాలును. లోపల పాత్రలు కడుగు కుఱ్ఱవాడు దినమెల్ల పీల్చు గాలి ఆ మాటపై ఆధారపడియున్నది.

పెద్ద హోటలుకు దారి వేఱు. ముప్పది గదులు గల వసతిగృహమునకును, ముప్పదిమంది కూర్చుండు భోజనశాలకును, విమానాశ్రయమునకును ప్రత్యేకముగా ధూమపానస్థలము నేర్పరచుకొను అనుమతి కలదు. దానికి నాలుగువైపుల పైకప్పు నంటు గోడ లుండవలెను. తలుపు తనంతట మూసికొనవలెను. పొగ తిన్నగా బయటికి పోవలెనే కాని తక్కిన గదుల గాలిలో కలియరాదు. ధనముగలవారు యంత్రములు పెట్టి కట్టించుకొనిరి. కొందరు మాత్రము మూలనొక తడిక నిలిపి, అదియే గదియనిరి.

ఐర్లండులో 2004 మార్చి 29వ తేదీన నిషేధము వచ్చినపుడు ఇట్టి గదులకు చోటే యీయలేదు. అచటి మద్యశాలల యజమానులు తమ బేరము పోవునని వాపోయి, పిదప బయట పందిళ్లు వేసిరి. కప్పు ఉన్నచో, చుట్టుకొలతలో సగమునకు మించి గోడ యుండరాదని శాసనము. మన వసారాల వంటివన్నమాట.

ఇక హుక్కాశాలల వివాదము. ధూమపానస్థలములో ఇతర సేవలు జరుపరాదని నియమమున్నను, 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ మాటలు హుక్కాను నిషేధింపవని యర్థము చెప్పెను. ప్రభుత్వము 2017లో నియమమును సవరించి, అచట హుక్కా నందింపరాదని స్పష్టపరచెను. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కాశాలలనే నిషేధించు బిల్లును ఆమోదించినది.

గుంటూరు, ప్రకాశము మండలములలో పొగాకు పండించు రైతులు, ఇదంతయు తమ పంటపై పడునేమోయని నన్నడుగుట కలదు. ఈ నియమములు త్రాగుచోటును గూర్చినవి. సాగునుగూర్చి యొక్క మాటయు చెప్పవు. 1976లో గుంటూరున నెలకొల్పబడిన పొగాకు బోర్డు వ్యవహారము వేఱు. దానినిగూర్చి మాటాడుటకు ఇంకొక ప్రసంగము కావలెను.