మూత్రం జారడానికి వ్యాయామ చికిత్స: మూలాలు, ఆధారాలు

దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా మూత్రం పడిపోయే స్త్రీలకు కటి అడుగు కండరాల వ్యాయామమే తొలి చికిత్స అని నేటి వైద్య మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. కడప జిల్లాలో కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద వరి, పసుపు పొలాల్లో వంగి పనిచేసే మైదుకూరు ప్రాంత స్త్రీలకు ఇది ఏ మేరకు వర్తిస్తుందో తేల్చే ముందు ఆధారాలను వరుసగా చూడాలి.

1. పుట్టుక: ఈ వ్యాయామం అమెరికా స్త్రీవైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ పేరిట చెలామణిలో ఉంది. ఆయన వ్యాసం 1948 నాటిది. అయితే బ్రిటన్‌లో మార్గరెట్ మోరిస్ 1936లోనే ఇటువంటి వ్యాయామాలను ప్రచురించారు. కాబట్టి కెగెల్‌ను ఆద్యుడనడం కంటే ప్రచారకుడనడం సబబు. 15వ శతాబ్దిదిగా భావించే హఠయోగ ప్రదీపిక కూడా, మలద్వార ప్రాంతాన్ని బిగించే మూలబంధంతో మలమూత్రాలు తగ్గుతాయంటుంది. కానీ ముసలివాడు యువకుడవుతాడని కూడా అక్కడే ఉంది. మలమూత్రాల గురించిన ఆ ఒక్క మాటతో మూలబంధాన్ని ఈ వ్యాధికి చికిత్సగా చదవలేం.

2. ఫలితం: కెగెల్ 84 శాతం మందికి నయమైందన్నా, పోల్చి చూడటానికి చికిత్స పొందని బృందం లేదు. ఆ లోటు తీర్చిన పరీక్షలను క్రోడీకరించిన 2018 నాటి కాక్రేన్ సమీక్షలో, వ్యాయామం చేసినవారిలో 56 శాతం, చేయనివారిలో 6 శాతం నయమైందన్నారు. అంకె తగ్గినా ఆధారం బలపడింది.

3. పరికరం: కండరాల పట్టును కొలిచే పరికరాన్ని కెగెల్ కీలకంగా భావించారు. 600 మంది స్త్రీలపై జరిపి 2020లో ప్రచురించిన బ్రిటన్ పరీక్షలో, పర్యవేక్షణలో చేసే వ్యాయామానికి, కండరాల పనిని పరికరంపై చూపే బయోఫీడ్‌బ్యాక్ జోడించినా రెండేళ్ల తర్వాత అదనపు మేలు కనిపించలేదు.

4. బోధన: 1991 నాటి ఒక చిన్న అధ్యయనంలో 47 మందికి నోటిమాటగా నేర్పితే, సరిగ్గా చేసినవారు 49 శాతమే. 25 శాతం మంది చేసిన తీరు మూత్రం జారడాన్ని పెంచేలా ఉంది.

5. స్థానిక సందర్భం: 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, దేశంలో 3.2 శాతం. ఆ ఆపరేషన్ అయినవారికి 60 ఏళ్లు దాటాక మూత్రం జారే అవకాశం ఎక్కువని 2000 నాటి లాన్సెట్ సమీక్ష తేల్చింది. ఇది సంబంధాన్ని చూపుతుందే తప్ప కారణాన్ని నిరూపించదు. రాష్ట్ర అంకెను మైదుకూరుకు యథాతథంగా అన్వయించడమూ కుదరదు.

వీటన్నిటినీ కలిపి చూస్తే, కొరత యంత్రానిది కాదు, సరిచూసి నేర్పే మనిషిది అనిపిస్తుంది. పూటకు కనీసం 8 బిగింపులు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు అన్నది బ్రిటన్ మార్గదర్శకం. మూత్రంలో రక్తం, జ్వరం, గర్భసంచి జారడం ఉంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించాలి. మిగిలినవారి విషయంలో, ఏఎన్ఎంలకు ఈ శిక్షణ ఇస్తే ఊళ్లోనే చికిత్స మొదలుపెట్టవచ్చు.