పచ్చబొట్టు: పేరును వన్నెయును

తెలుఁగువారు పచ్చబొట్టని పిలుచు గుర్తు పొడిచిన నాఁడు పచ్చగా నుండదు, నల్లగా నుండును. కలిపిన మసి నలుపు, సూదిమొన నంటినది నలుపు, గాయము మానిన వెనుక చర్మమున నిలుచునదియు మొదట నలుపే. అయినను డోను ప్రాంతపు పల్లెలలోను సుగాలి తండాలలోను ముసలి స్త్రీల ముంజేతులఁ జూచినవారికి పేరు తప్పని తోఁచదు. అచ్చటి గుర్తులు నీలముతోఁ గలిసిన యాకుపచ్చ వన్నెతో నుండును. వస్తువు నలుపు, పేరు పచ్చ. ఈ భేదమునకుఁ గారణ మరయవలసియున్నది.

1909లో ఏడు సంపుటములుగా వెలువడిన థర్‌స్టనుగారి దక్షిణ హిందూదేశపు కులముల గ్రంథమున మసి చేయు విధము కలదు. పసుపును అవిసె యాకును గలిపి నూఱి, పలుచని గుడ్డపైఁ బూసి, వత్తిగాఁ జుట్టి, ఆముదపు దీపమున వెలిగించి, దానిపైఁ గ్రొత్తకుండను బోరగించుదురు. కుండ లోపల నంటిన మసిని గీచి చనుఁబాలతోనో నీళ్లతోనో కలుపుదురు. తెలుఁగునాఁట నీ వృత్తి ముఖ్యముగా ఎఱుకల స్త్రీలది. ఎఱుక చెప్పుటయు బొట్లు పొడుచుటయు నొకే యింటి విద్యలు.

పసుపును ఆకును గలియుటచేతనే పచ్చ యను పేరు వచ్చినదని యూహింపవచ్చును. తెలుఁగున పచ్చ యను మాట పసుపువన్నెకును ఆకువన్నెకును జెల్లును గనుక నీ యూహ యింపుగనే యుండును, కాని నిలువదు. నిప్పు తగిలిన పిదప ఆకు లేదు, పసుపు లేదు, మిగిలినది బొగ్గుపొడియే. చర్మమునఁ జేరునది యా పొడి గాని యాకురసము గాదు.

భాషాసాక్ష్య మింకను బలమైనది. తమిళులు పచ్చై కుత్తుట యందురు. కన్నడిగులు హచ్చె యందురు. కన్నడమునఁ బదాది పకారము హకార మగుట పాలు హాలుగను, పులి హులిగను మాఱుటవలనఁ దెల్లము. కావున హచ్చె యనునది పచ్చెయే. పేరు ఆ మార్పు కంటెఁ బాఁత దనుటయు దీనివలననే తేలుచున్నది. ఇన్ని భాషలవారు పొడిచిన నాఁటి వన్నెను గాక, ఏండ్లు గడచిన పిదప నిలిచిన వన్నెనే పేరునకుఁ గైకొనిరి. సంస్కృతమున అంకన లాంఛన శబ్దములు ప్రతి గుర్తునకును జెల్లును గాని దీనికే రూఢములు గావు. ఆళ్లగడ్డకు సమీపమున నున్న అహోబిలపు పేరు వినఁగానే స్ఫురించు వైష్ణవుల తప్తముద్ర దీనికిఁ జుట్టము గాదు. అది కాఁకచేఁ బడు గుర్తు, దానికి మసియు లేదు, రంగును లేదు.

నలుపు పచ్చ యగు టెట్లు? చర్మపుఁ బైపొర యించుమించుగ నెలకొకసారి మాఱిపోవుచుండును. మసి యచ్చటనే నిలిచినచో బొట్టు నెలలోనే రాలిపోవలసినది. సూది దాని క్రిందిపొరకుఁ బోవును. అందలి రక్షకకణములు మసిరేణువులను మ్రింగి పట్టుకొనును. ఒక కణము చచ్చి విడిచిన రేణువులను మఱియొక కణము మ్రింగునని 2018లో ఫ్రాన్సుదేశపు మార్సేయి నగర పరిశోధకులు ఎలుకలయందుఁ జూపిరి. కాఁబట్టి బొట్టు నిలుచుట యొకనాఁటితోఁ దీఱిన పని గాదు; చేతులు మాఱుచు సాఁగెడి కాపలా. ఈ మారకమున సన్ననిరేణువులు కొన్ని జాఱి శోషరసగ్రంథులకుఁ జేరును, కొన్ని ప్రక్కలకు జరుగును. గీఁత వెడల్పై మసకబాఱుట కిదియే హేతువు. ఇఁక వన్నె మాట. ఎఱ్ఱనికాంతి చర్మమున లోఁతుగాఁ జొచ్చి మసిలో నడఁగిపోవును. నీలకాంతి నడుమనే చెదరి వెనుకకు మరలును. చర్మపు సహజచ్ఛాయ యా నీలమును ఆకుపచ్చకుఁ ద్రిప్పును.

చెదరదను నమ్మకముచేతనే కంపెనీ ప్రభుత్వము 1797లో వంగదేశమున యావజ్జీవపు ఖైదీల నొసట నేరమును బొడిపింప శాసించి, 1849లో మానెను. శిక్షితులు తలపాగ దింపియు జుట్టు పెంచియు దానిని దాఁచిరి. కాలము చేయని పని వారు గుడ్డతోఁ జేసికొనిరి.

రంగుల బొట్ల కథ వేఱు. 1891లో న్యూయార్కున ఓరైలీ విద్యుద్యంత్రమునకుఁ బేటెంటు పొందిన పిదప నీ పని వేగము హెచ్చినది. పూర్వము ఎఱుపునకు ఇంగిలీకమును, పసుపునకుఁ గాడ్మియపు లవణమును వాడిరి. తరువాత కర్బనసంబంధులగు కృత్రిమవర్ణములు వచ్చినవి. మసి యెండకుఁ జెడదు. ఈ వర్ణములలోఁ బెక్కింటి యణువులను ఎండ విఱుచును. పసుపు, తెలుపు, లేఁత వన్నెలు ముందుగా వెలయును. నలుపు కడపట వెలయును. డోనువంటి యెండగల సీమలో బట్ట కప్పని ముంజేతిపై నీ తేడా త్వరగాఁ దెలియును. వ్రేళ్లయందును అరికాళ్లయందును ఒరపిడిచే నింకను త్వరగా. ఐరోపా సమాఖ్య 2022లోఁ బెక్కు వర్ణములను, 2023లో నొక నీలమును నొక పచ్చను నిషేధించుటకు హేతువు వెలయుట గాదు, వాని రసాయనభయము.

మరలఁ బొడిపించుట కాఱు వారములైనను ఆఁగవలయును. అంతకు ముందు కనఁబడు వెలితి పొక్కులదో రంగుదో తేలదు. తరువాత నేండ్లలెక్క పనికిరాదు. అంచు చెదరి రూపము గుర్తుపట్టరానిదైనచో నది సమయము. వన్నె కొంచెము తగ్గిన మాత్రానఁ దొందరపడరాదు, మాటిమాటికిఁ బొడిచినచోఁ జర్మము మచ్చగట్టి రంగును బట్టదు. ఒకరికి వాడిన సూది మఱియొకరికి వాడుట కామెర్లకును ఎయిడ్సునకును ద్వారము. పాత సంతలలో నీ యెఱుక లేకపోయెను.

ముసలి స్త్రీల చేతులపైఁ గల చుక్కలకును ముగ్గులకును నీ సలహా చెల్లదు. వానిపైఁ గ్రొత్తగాఁ బొడిచినచో వెనుకటి సూది నడిచిన దారి పోవును. చుక్కల నడిమి యెడమును, గీఁత తిరిగిన తీరును పొడిచినవారి చేవ్రాలు వంటివి. మరలఁ బొడిపింపఁ దలఁచినచో ముందుగాఁ బలుచని కాగితముంచి యున్నది యున్నట్లు దింపి, ధరించిన స్త్రీ యొక్క యూరును, పొడిచిన నాఁటి వయస్సును, ఆ గుర్తును ఆమె పిలుచు పేరును ప్రక్కన వ్రాయవలయును.